గాలమ్మ వేళ్ళు

మా అమ్మమ్మకి సొంత పేరంటూ ఒకటి ఉంది కానీ, అది ఆసుపత్రి చీటీల మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. నర్సు ఆ పేరు పెట్టి గట్టిగా పిలిస్తే అమ్మమ్మ కూడా అందరితో పాటు అటూ ఇటూ చూస్తుంది, ఎవరబ్బా ఈ పలకని మనిషి అన్నట్టు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ గాలమ్మ. బస్టాపు దాటాక మలుపులో ఉన్న పంచరు షాపు ఆవిడది.

షాపంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. పక్కపక్కనే భవనాలు కట్టుకున్న ఇద్దరికి ఒకరంటే ఒకరికి పడక, మధ్యలో వదిలేసిన సందు అది. దాని మీద రేకు కప్పారు. లోపల గాలి కొట్టే యంత్రం ఉంటుంది. దాన్ని వేస్తే చలిజ్వరం వచ్చినవాడిలా వణుకుతుంది. ఒక నీళ్ళ తొట్టి, టైరు ఊడదీసే ఇనప పట్టీలు, ఆకురాయి, సొల్యూషన్ డబ్బా, పాత ట్యూబుల్ని కత్తిరించి పెట్టుకున్న అతుకులు. కూర్చోవడానికి ఒక పీట, దాని మీద అమ్మమ్మ. వచ్చినవాళ్ళు నిలబడాల్సిందే.

అది మొదట తాతయ్య షాపు. మధ్యాహ్నం అన్నం డబ్బా ఇచ్చిపోవడానికి వచ్చిన అమ్మమ్మ, ఆయన తినేలోగా ఆగడం ఎందుకని ఒక అతుకు అంటించేదట. అలా డబ్బా మిషతో పనంతా నేర్చేసుకుంది. తాతయ్య పోయాక షాపు ఎవరికిద్దామా అని చుట్టాలు లెక్కలు వేసుకుంటుంటే, ఈవిడ వెళ్ళి తాళం తీసి పీట మీద కూర్చుంది. చక్రం తోసుకుంటూ వచ్చిన మగవాళ్ళు లోపలికి తొంగి చూసి, "మీ ఆయన లేడా?" అనేవాళ్ళు.

"లేడు. నీ చక్రంలో గాలీ లేదు. ఏది ముందు చూద్దాం?" అనేది అమ్మమ్మ.

ముందు నవ్వుకున్నారు. తర్వాత అలవాటు పడ్డారు. నేను పుట్టేసరికి ఆ మలుపులో గాలమ్మ లేని కాలం ఎవరికీ గుర్తు లేదు.

ఆవిడ పనిలో ఒక పట్టుదల ఉంది. ట్యూబుకి అతుకేసి పంపించెయ్యడం ఆవిడకి నచ్చదు. ఆ చిల్లు చేసిందేదో దొరకాలి. మేకు, ముల్లు, గాజుపెంకు, తీగముక్క, ఏదైనా సరే అది టైరులోనే ఇరుక్కుని ఉంటుంది. అది తియ్యకుండా అతుకేస్తే నాలుగు వీధులు దాటకముందే మళ్ళీ చిల్లు పడుతుంది. అందుకని ట్యూబు బయటికి లాగాక, కళ్ళు మూసుకుని, టైరు లోపల వేళ్ళు పెట్టి చుట్టూ తడిమేది. మెల్లగా, నిద్రపోతున్న పిల్లి వీపు నిమిరినట్టు. ఒక చోట ఆగేది. "ఇదిగో దొంగ వెధవ" అనేది. మొన మాత్రమే బయటికి కనిపించే మేకుని శ్రావణంతో పట్టుకుని లాగి చక్రం తెచ్చినవాడి చేతిలో పెట్టేది. అది చూసుకుని వాడు నా అంతవాడు లేడన్నట్టు వెళ్ళేవాడు.

ఆ వేళ్ళకే తెగులు వచ్చింది.

షుగరు ఆవిడకి చాలా ఏళ్ళుగా ఉంది. దాన్ని పిలవని పేరంటానికి వచ్చిన చుట్టంలా చూసేది. ఉంటే ఉండనీ, దాని దారి దానిది, నా దారి నాది అన్నట్టు. టీలో చక్కెర మానేసి, ఆ మానేసిన సంగతి అందరికీ చెప్పి, అదే టీలో బిస్కెట్లు ముంచుకుని తినేది. ముందు పాదాల్లో మంటలు మొదలయ్యాయి. కొన్నాళ్ళకి మంటలు తగ్గాయి. తగ్గినందుకు సంబరపడింది. తీరా చూస్తే మంటతో పాటు స్పర్శ కూడా పోయింది. ఆ తర్వాత చేతివేళ్ళు.

ఒక రోజు స్కూటరు టైరు తడుముతూ తడుముతూ, "ఏమీ లేదు, శుభ్రంగా ఉంది" అంది. అమ్మమ్మ చెయ్యి బయటికి తీస్తే స్కూటరాయన కెవ్వుమన్నాడు. రెండు వేళ్ళ నుంచి రక్తం కారుతోంది. ఒక గాజుపెంకు చర్మంలోనే ఉంది. ఆవిడ దాన్ని ఎవరిదో వస్తువులా చూసింది.

అంతటితో ఆగలేదు. పంచరు వేయించుకున్నవాళ్ళు మళ్ళీ చక్రం తోసుకుంటూ రావడం మొదలైంది. "గాలమ్మా, నిన్న వేసిన చోటే." ఆవిడ ముఖం మాడ్చుకుని, డబ్బు తీసుకోకుండా మళ్ళీ అతుకేసి పంపేది. మేకు లోపలే ఉండిపోతోందని ఆవిడకి తెలుసు. వచ్చినవాళ్ళకీ తెలుసు. ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

ఇది చాలదన్నట్టు, ఒక సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిస్తే ఒక చెప్పు ఊడి రాలేదు. అడుగున దిగిన మేకు చెప్పులోంచి వచ్చి అరికాలికి గుచ్చుకుంది. పొద్దుటి నుంచి దాని మీదే నడిచింది.

"అమ్మమ్మా, నీకే పంచరు పడిందే" అన్నాను.

"నవ్వు, నవ్వు. పళ్ళు రాలేదాకా నవ్వు" అంది. కానీ తనూ నవ్వింది. మా అమ్మ నవ్వలేదు.

మా అమ్మ మందుల షాపులో బిల్లులు కొడుతుంది. రోజూ షుగరు మందులు కొనేవాళ్ళని చూస్తుంది, వాళ్ళలో కొందరు ఏడాది తిరిగేసరికి కర్ర పట్టుకుని రావడమూ చూస్తుంది. అమ్మమ్మ బొటనవేలి కింద, మేకు దిగిన చోట పడిన పుండు నెలలు గడిచినా మానలేదు. కట్టు కట్టించాం, మందులు మార్పించాం. ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాల్సి వస్తుందేమోనని షుగరు డాక్టరమ్మ మెల్లగా అంది. ఆ తర్వాత, పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ ఛాంబరు ఉంది, అక్కడ ప్రయత్నిద్దాం అంది.

"అదేమిటి?" అంది అమ్మమ్మ.

"ఒక గొట్టంలాంటి దాంట్లో పడుకోబెడతారు. లోపల పూర్తిగా ఆక్సిజనే ఉంటుంది, బయటికంటే రెండింతల పైన ఒత్తిడితో. అప్పుడు రక్తంలో ఆక్సిజన్ బాగా ఎక్కువ కలుస్తుంది. రక్తం సరిగ్గా అందని పుండుకి కూడా అది చేరుతుంది. మానడానికి సాయం చేస్తుంది."

"అంటే నాకు గాలి కొడతారన్నమాట."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అలా అనుకున్నా తప్పులేదు."

"మరి వేళ్ళు?"

"ఇది పుండు కోసం. నరాల సంగతి వేరు. షుగరు వల్ల దెబ్బతిన్న నరాలు దీనితో బాగవుతాయని గట్టిగా చెప్పడానికి లేదు. కొంతమంది కాస్త తేడా ఉందంటారు, కానీ నేను మాట ఇవ్వలేను."

ఇంతా విని, బయటికొచ్చాక అమ్మమ్మ నాతో అన్నది ఇదీ: "కొంతమందికి తేడా ఉందట."

"మాట ఇవ్వలేనంది కూడా" అన్నాను.

"అది నాకు వినపడలేదు."

ఆ రోజే ఇంట్లో పెద్ద రభస. అమ్మ అన్నం కంచం ముందు కూర్చుని, "అమ్మా, నీ చేతికి తెలీదు, కాలికి తెలీదు. ఇంక ఆ ఇనప సామాను మధ్య ఎందుకు కూర్చుంటావు? షాపు మూసెయ్యి" అంది.

"ఎందుకు మూస్తాను? గొట్టంలోకి వెళ్తున్నానుగా. వేళ్ళు వస్తాయి."

"రాకపోతే?"

"వస్తాయి."

"రాకపోతే అని అడుగుతున్నాను."

అమ్మమ్మ ముద్ద కలుపుతూ కూర్చుంది. మొండిఘటమే కానీ, అడిగినదానికి జవాబు ఎగ్గొట్టే మనిషి కాదు. "రాకపోతే మూసేస్తాను. డాక్టరమ్మే పరీక్ష చేసి చెప్పనీ. వస్తే మాత్రం నువ్వు మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు."

"ఎత్తను."

ఇద్దరూ నా వైపు చూశారు, సాక్షినన్నట్టు. పదో తరగతి లెక్కల్లో పోయినప్పటి నుంచి మా ఇంట్లో నన్ను ఎవరూ దేనికీ లెక్కలోకి తీసుకోలేదు. అదే మొదటిసారి. నాకు పని లాండ్రీలో, అదీ సాయంత్రాలు. కాబట్టి పొద్దున్నే అమ్మమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళే పని నాకే పడింది.

మొదటి రోజే వెనక్కి పంపేశారు. ఛాంబరు నడిపే ఆయన పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ మెల్లగా మాట్లాడే మనిషి. అమ్మమ్మ చేతులు వాసన చూసి, "ఇదేం వాసనమ్మా?" అన్నాడు.

"సొల్యూషన్. పంచరుకి రాసేది."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "లోపల ఆక్సిజనమ్మా. ఒక్క నిప్పురవ్వ చాలు. నూనె, క్రీము, సెంటు, గ్రీజు, ఏదీ ఉండకూడదు. తలకి నూనె ఉందా?"

"నూనె లేకుండా తలేమిటి?"

"రేపు తలంటుకుని రండి. పిన్నులు, గొలుసులు వద్దు. మేమిచ్చే నూలు గౌనే వేసుకోవాలి. పొద్దున షాపుకి వెళ్ళకండి."

దారిపొడుగునా గొణుగుతూనే ఉంది. ఇన్నేళ్ళలో తన చేతికి వాసన ఉందని ఎవరూ అనలేదట. నేను, "అన్నాం, నీకే వినపడలేదు" అన్నాను. నెత్తి మీద ఒకటి పడింది. మర్నాడు సబ్బుతో చేతులు ఎంత రుద్దిందంటే, గోళ్ళ కింద ఎన్నాళ్ళ నుంచో ఉన్న నలుపు వదిలింది. నూనె లేని జుట్టు గాలికి లేచి నిలబడింది. ఆ గౌను, ఆ జుట్టుతో ఆవిడ ఇప్పుడే గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్లలా ఉంది. ఆ మాట నేను వెంటనే అనలేదు. తలుపు మూసేదాకా ఆగాను.

గొట్టం గాజులాంటి దానితో చేసింది. బయటి నుంచి మనిషి మొత్తం కనిపిస్తుంది. లోపలికీ బయటికీ మాట్లాడుకోవడానికి ఫోను ఉంది. అంటే ఏమిటి? నాకు బుద్ధి తెలిశాక మొదటిసారి, అమ్మమ్మ నోరు అందే చోట ఉండి చెయ్యి అందని చోట ఉంది.

"అమ్మమ్మా, కోడిపిల్లలా ఉన్నావే" అన్నాను ఫోనులో.

"బయటికి రానీ నీ సంగతి చెప్తా, కోతీ."

"గంటన్నర పడుతుందట. అప్పటికి మర్చిపోతావులే."

ఒత్తిడి పెంచుతుంటే చెవులు నొప్పెట్టాయి. ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి ఊదమన్నాడు ఆయన. ఆవిడ ముక్కు మూసుకుంది, నోరు తెరిచింది, అటు గాలీ లేదు ఇటు గాలీ లేదు. పోనీ ఆవలించమన్నాడు. ఆవిడ ఆవలిస్తే నాకూ ఆవలింత వచ్చింది, ఆయనకీ వచ్చింది. ముగ్గురం ఆవలించాక ఆవిడ చెవులు తెరుచుకున్నాయి.

"ఎంత కొట్టావు బాబూ?" అంది లోపలి నుంచి.

ఆయన ఒత్తిడి చూపించే ముల్లు చూసి, మనం టైరుకి చెప్పే లెక్కలో చెప్పాడు. అమ్మమ్మ ముఖం చిన్నబోయింది. "అంతేనా? అది స్కూటరు ముందు చక్రానికి కొట్టేది. వెనక చక్రానికి కూడా పనికిరానా?"

ఆయన ఆ రోజే మొదటిసారి నవ్వాడు.

ఇంకో రోజు లోపల పడుకుని కళ్ళు మూసుకుందల్లా గబుక్కున లేవబోయింది. "బాబూ! లీకుంది! కాళ్ళ వైపు! చప్పుడు వస్తోంది!"

నేను గొట్టం కాళ్ళ వైపుకి పరిగెత్తాను. ఆవిడ చెవి గురించి నాకు తెలుసు. ఇంత చిన్న చిల్లు ఉన్నా పట్టేస్తుంది. ఆయన మాత్రం కదల్లేదు.

"అది లీకు కాదమ్మా. కావాలనే వదులుతున్నాం. మీరు వదిలే ఊపిరి బయటికి పోవాలి కదా, లేకపోతే లోపలే పేరుకుపోతుంది."

"గాలి కొడుతూ గాలి వదిలెయ్యడమేమిటి? అదేం పద్ధతి?"

"మీ టైరు ఊపిరి పీల్చదు కదమ్మా."

అమ్మమ్మ మళ్ళీ పడుకుని కళ్ళు మూసుకుంది.  ఇంటికెళ్ళే బస్సులో, "పిల్లాడికి పని తెలుసు" అంది.

అక్కడ ఆవిడకి బాగా నచ్చినది ఒకటుంది. లోపల ఉన్నప్పుడు షుగరు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ముందు వేలు గుచ్చి చూస్తారు. తక్కువగా ఉంటే పళ్ళరసం ఇస్తారు. తియ్యగా, చల్లగా, డాక్టర్లే చేత్తో ఇస్తారు. మొదట్లో ఒకసారి ఇచ్చారు. ఆ తర్వాత వరసపెట్టి ఇస్తూనే ఉన్నారు. ఏమిటా అని ఛాంబరు నడిపే ఆయన నన్ను పక్కకి పిలిచి, "మీ అమ్మమ్మగారు పొద్దున ఏమైనా తింటున్నారా?" అని అడిగాడు. ఇంటికొచ్చి చూస్తే, నేను పెట్టే రొట్టె కాగితంలో చుట్టి బీరువా వెనక పెడుతోంది. పళ్ళరసం కోసం పస్తు.

"నీకు బుద్ధుందా? లోపల కళ్ళు తిరిగితే ఎవరు చూస్తారు?" అని గట్టిగానే అరిచాను.

"ఎన్నాళ్ళైందే తియ్యగా తాగి" అంది. చిన్నపిల్లలా నీళ్ళు నములుతూ.

అప్పటి నుంచి ఎదురుగా కూర్చుని తినిపించాను. పళ్ళరసం ఆగిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఫోనులో కూడా.

పుండు మెల్లగా చిన్నదవుతోంది. కట్టు మార్చే నర్సు బాగుందంది, డాక్టరమ్మ బాగుందంది. అమ్మకి ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. అమ్మమ్మ మాత్రం ఆ కాలి వైపు చూసేదే కాదు. రోజూ బొటనవేలితో తక్కిన వేళ్ళ కొసలు రుద్ది చూసుకునేది, ఉప్పు సరిపోయిందా అని చూసినట్టు.

ఇంతలో ఒక వింత జరిగింది. నెల దాటాక ఒక మధ్యాహ్నం, షాపులో ట్యూబు నీళ్ళలో ముంచి, కళ్ళజోడు లేకుండానే, "ఇదిగో చిల్లు" అంది. సూదిమొనంత చిల్లు. ఆవిడ కళ్ళజోడు లేకుండా తన చేతినే సరిగ్గా చూడలేదు. సొల్యూషన్ డబ్బా మీద అక్షరాలు చదివింది. సూదిలో దారం ఎక్కించింది. వీధంతా చెప్పింది.

"చూశావా? కళ్ళొచ్చాయి. కళ్ళొచ్చినదానికి వేళ్ళు రావా?"

నేనూ నమ్మేశాను. నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది. అమ్మ పందెం ఓడిపోతానేమో అన్నట్టు చూసింది, కానీ ఓడిపోతే బాగుండునని కూడా ఆ చూపులో ఉంది.

ఒకటే తేడా. దగ్గరవి బాగా కనిపిస్తున్నాయి కానీ దూరంగా ఉన్నవి మసకబారాయి. రోడ్డుకి అవతల నిలబడ్డ పోలీసుని చూసి మా మావయ్య అనుకుని, "ఏరా, కనపడటమే మానేశావు! పెళ్ళాం ఇంట్లోంచి కదలనివ్వడం లేదా?" అని కేకేసింది. ఆయన సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు. దగ్గరికొచ్చాక ఆవిడకి బాగానే కనిపించాడు. ఆయన సైకిలుకి డబ్బు తీసుకోకుండా గాలి కొట్టి పంపింది.

చివరి వారం వచ్చింది. డాక్టరమ్మ చేసే పరీక్ష ఏమిటో మాకు తెలుసు, మొదట్లో ఒకసారి చేసింది. కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాన్ దారంతో అరికాలినీ వేళ్ళనీ అక్కడక్కడ తాకిస్తుంది. తగిలినప్పుడల్లా చెప్పాలి. అమ్మమ్మ నా చేత చీపురుపుల్లతో అభ్యాసం మొదలుపెట్టింది.

"తగిలింది... తగిలింది... ఆ, తగిలింది."

అన్నీ సరిగ్గా చెప్పింది. నేను ఎగిరి గంతేశాను. మళ్ళీ చేశాను, మళ్ళీ సరిగ్గానే చెప్పింది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. పుల్ల గాలిలోనే ఉంచి ఊపిరి బిగబట్టాను.

"తగిలింది" అంది.

"తగల్లేదు. అమ్మమ్మా, నా ఊపిరి వింటున్నావు కదూ?"

కళ్ళు తెరిచింది. "నువ్వు తాకించే ముందు ఊపిరి బిగబడతావు. ఆవులా వదులుతావు. వినకూడదంటే ఎలా?"

"అది వేళ్ళతో చెప్పాలి, చెవులతో కాదు."

"ఎలా చెప్తే ఏం? చెప్తే చాలదా?" అని విసురుగా అంది కానీ, పుల్ల నా చేతిలోంచి లాక్కుని పక్కన పెట్టేసింది. కాసేపు ఆ వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను టీ పెడతానని లేచాను. 

పరీక్షకి అమ్మ కూడా సెలవు పెట్టి వచ్చింది. ముందు కాలి కట్టు విప్పి చూశారు. పుండు మూసుకుపోయింది. కొత్త చర్మం గులాబీరంగులో, పసిపిల్లల మడమలా ఉంది. "వేలు దక్కిందమ్మా" అంది డాక్టరమ్మ. అమ్మ కళ్ళు తుడుచుకుంది. అమ్మమ్మ, "సరే, సరే, వేళ్ళు చూడండి" అంది, కాలు ఎవరిదో అయినట్టు.

కళ్ళు మూసుకుంది. డాక్టరమ్మ దారం తీసింది. ఆవిడ నాలా ఊపిరితో చప్పుడు చెయ్యదు. నిశ్శబ్దంగా, ఉండుండి తాకిస్తోంది.

"తగిలింది" అంది అమ్మమ్మ. దారం అప్పుడే వేలిని వదిలింది. సరిపోయింది.

"తగిలింది." అదీ దాదాపు సరిపోయింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

అమ్మమ్మ పెదవులు కదులుతున్నాయి. లోపల ఏదో లయ పట్టుకుందని నాకు అర్థమైంది, షాపులో గాలి యంత్రం చప్పుడుకి తాళం వేసినట్టు. "తగిలింది" అంది మూడోసారి.

డాక్టరమ్మ చెయ్యి ఎక్కడో పైన ఉంది. దారం గాలిలో వేలాడుతోంది.

"ఇంకా ముట్టుకోలేదమ్మా" అంది మెల్లగా.

అమ్మమ్మ కళ్ళు తెరవలేదు. "మళ్ళీ చెయ్యండి. ఈసారి ఊహించను."

మళ్ళీ చేసింది. ఆ గదిలో దారం చాలాసార్లు వేళ్ళని తాకింది. అమ్మమ్మ ఒక్కసారీ నోరు తెరవలేదు.

ముందు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయంది డాక్టరమ్మ. మరి కళ్ళో అని అడిగాను నేను. అది ఈ చికిత్స వల్ల కంటి కటకంలో వచ్చే మార్పట, చాలామందికి వస్తుందట. దగ్గరి చూపు బాగున్నట్టు, దూరం మసకగా అనిపిస్తుంది. కొన్ని నెలల్లో మళ్ళీ మామూలవుతుందట. అంటే అదీ అరువే. వెళ్ళేముందు, చెప్పులు వేసుకునే ముందు రోజూ లోపల చూసుకోమనీ, తడిమి చూసే పని స్పర్శ ఉన్నవాళ్ళు చెయ్యాలనీ అమ్మకి చెప్పింది.

బస్సులో అమ్మమ్మ కిటికీ పక్కన కూర్చుంది. అమ్మ ఏదో అనబోయింది.

"మాట మాటే. రేపు సామాను సర్దుదాం" అంది అమ్మమ్మ.

పందెం గెలిచిన అమ్మ, కండక్టరు దగ్గర చిల్లర తీసుకోవడం మర్చిపోయింది.

మర్నాడు ముగ్గురం షాపుకి వెళ్ళాం. అమ్మ గోనెసంచి పట్టుకొచ్చింది. అతుకులు, పట్టీలు అందులో వెయ్యడం మొదలుపెట్టింది. అప్పుడొచ్చాడు పేపర్లు వేసేవాడు, సైకిలు తోసుకుంటూ. వెనక చక్రం నేలకి అతుక్కుపోయింది. బుట్టలో ఇంకా సగం పేపర్లున్నాయి.

"గాలమ్మా, త్వరగా. జనం టీ చల్లారబెట్టుకుని నన్ను తిట్టుకుంటూ ఉంటారు."

"షాపు మూసేశాం" అంది అమ్మ.

"మూసేశారా? తెరిచే ఉందిగా."

అమ్మమ్మ అమ్మ వైపు చూడలేదు. గోనెసంచిలో చెయ్యి పెట్టి పట్టీలు బయటికి తీసింది. "ఇదొక్కటి" అంది. చూసి చేసే పని ఆవిడకి ఇప్పటికీ వస్తుంది. ట్యూబు లాగింది, ముంచింది, చిల్లు పట్టింది, రుద్దింది, అతుకేసింది. అంతా అయ్యాక టైరు ఒళ్ళో పెట్టుకుని ఆగిపోయింది.

"ఇంక ఎక్కించెయ్యి" అన్నాడు పేపరాయన.

"దీనికి చిల్లు చేసింది లోపలే ఉంది."

"అయితే తియ్యి."

"నేను టైరులో చెయ్యి పెట్టను. మాటిచ్చాను."

"అయితే అలాగే ఎక్కించెయ్యి!"

"అలాగే ఎక్కించను. ఆ పని నెలల తరబడి చేశాను, చాలు. తీసుకెళ్ళి ఇంకెవరికైనా ఇచ్చుకో."

"ఇప్పుడు ఇంకెవరున్నారు? ఆ చివర షాపు తెరవడానికి ఇంకా గంట పడుతుంది!" ఆయన తల పట్టుకున్నాడు. ఆవిడ టైరుని ఒళ్ళోంచి దింపలేదు. ఇటు ఎక్కించదు, అటు ఇవ్వదు. నేను చెయ్యి పెడదామని లేచాను కానీ, అంతలో అమ్మ చేతిలోని సంచి కిందపడేసి ముందుకొచ్చింది.

"ఇటివ్వు" అంది విసుగ్గా. "పాపం ఆయన పని చెడుతోంది."

అమ్మ ఆ షాపులో పెరిగిన మనిషే కానీ, పెళ్ళయ్యాక గ్రీజు ముట్టుకోలేదు. చేతులు పైకి మడుచుకుని టైరులో వేళ్ళు పెట్టింది.

"అలా గబగబా తిప్పకు. పిచ్చిదానా, వేళ్ళు కోసుకుంటావు. ఒక్క వేలి కొసతో. మెల్లగా. చిల్లు ఇక్కడ పడింది, అంటే ఈ పక్కనే ఉండాలి. కళ్ళు మూసుకో."

"కళ్ళెందుకు మూసుకోవాలి?"

"మూసుకోమన్నానా!"

అమ్మ మూసుకుంది. ముఖంలో ఆ విసుగు మెల్లగా సర్దుకుంది. వేలు ఆగింది.

"ఏదో... సన్నగా గుచ్చుకుంటోంది."

"ఎటు వాలి ఉంది?"

"నా వైపు."

"అయితే అవతల నుంచి పట్టుకుని లాగాలి. శ్రావణం తీసుకో."

బయటికొచ్చింది తీగముక్క, వెంట్రుకకంటే కాస్త మందం. పేపరాయన దాన్ని అరచేతిలో వేసుకుని చూశాడు. అమ్మ కూడా చూసింది, ఎంతసేపో. తర్వాత చేతులు తుడుచుకుంటూ, "నేను మూసెయ్యమన్నది నువ్వు వేళ్ళు తెగ్గోసుకుంటున్నావని" అంది.

"నేనిప్పుడు చెయ్యి పెట్టలేదుగా."

"నేను రోజూ రాలేను. నా పని నాకుంది."

"నిన్నెవరు రమ్మన్నారు? టైరు ఎవరిదో వాళ్ళకి చెయ్యి లేదా?"

అమ్మ గోనెసంచి వైపు చూసింది. అది తీసి, అందులోవి మళ్ళీ ఒక్కొక్కటే బయట పెట్టింది. దేని చోటు ఎక్కడో ఆవిడకి గుర్తుంది. "ఒక్కసారి నీ చేతికి రక్తం కనిపించిందంటే, ఇదిగో ఈ సంచి మళ్ళీ పట్టుకొస్తాను" అంది.

"అప్పుడు నేనే పట్టుకుంటాను, నువ్వు వెయ్యి."

అదీ ఇప్పటి పద్ధతి. షాపు ఉంది, పీట ఉంది, గాలమ్మ ఉంది. ట్యూబు పని ఆవిడది, టైరు తడిమే పని సొంతదారుది. కొందరు నసుగుతారు. నిన్న ఒక తెల్లచొక్కా ఆయన కొత్త స్కూటరు తెచ్చాడు. చెయ్యి పెట్టమంటే ముఖం ముడుచుకున్నాడు.

"నేను చెయ్యి పెట్టడమేమిటి? మరి నువ్వు దేనికి?"

"అతుకుకి."

"చొక్కా పాడవుతుంది."

"చొక్కా విప్పి అక్కడ తగిలించు. ఇక్కడ నిన్ను చూసేవాళ్ళెవరూ లేరులే. ఉన్న ఒక్కదానికీ దూరం చూపు సరిగ్గా ఆనదు."

ఆయన చొక్కా విప్పలేదు కానీ చేతులు మడిచాడు. మోకాళ్ళ మీద కూర్చుని, పాము పుట్టలో పెట్టినట్టు రెండు వేళ్ళు లోపల పెట్టాడు. అమ్మమ్మ తన చేతులు రెండూ ఒళ్ళో కట్టుకుని, ముందుకి వంగి, ఆయన వేళ్ళనే చూస్తోంది.

"ఇంకాస్త లోపలికి. భయపడకు, నీ టైరేగా. ఆ... మెల్లగా. తగిలితే చెప్పు."